లినెన్ గది తాళంచెవి

సూళ్ళూరుపేట లోకల్లో
తలుపు పక్క సీటు దొరికితే ఆ రోజు అదృష్టం.
గుమ్మిడిపూండి దాటేదాకా
నేనెవరికీ సిస్టర్ని కాను.
సంచిలో పెరుగన్నం డబ్బా, రెండు జతల సాక్సులు,
మొన్నటి మనిషి మొహం.

మొన్నటి మనిషిది కోవూరు.
పదమూడో బెడ్డు, పెంచలయ్య, బోరు మెకానిక్కు.
డాక్టరు తమిళంలో ఒక్క ముక్క అనేసి
చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.
ఆ ముక్కని తెలుగు చెయ్యాల్సింది నేను.

"పోయాడు" అంటే చెంపదెబ్బ.
"మరణించారు" అంటే ఆఫీసు కాగితం.
"కాలం చేశారు" అనేది పండిన వయసుకి.
ముప్పైనాలుగేళ్ళకి ఏ మాట సరిపోతుంది?
అతని భార్య నా బ్యాడ్జి పట్టుకుని
"మనోళ్ళేనామ్మా మీరు?" అని రోజూ అడిగేది.
ఆ రోజూ అడిగింది.
అవునన్నాను.
తర్వాత చెప్పాను.

ఈ ఆస్పత్రికి ఆరు అంతస్తులు.
ఏ అంతస్తులో తెలుగువాళ్ళ దీపం కొండెక్కినా
ఫోను మా ఐసీయూకే వస్తుంది,
"సువార్తని పంపండి."
నా పేరుకి మంచి కబురని అర్థం.
పెట్టేటప్పుడు మా అమ్మకి ఇదంతా తెలీదు.

మే నెలలో ఒక రోజు గులాబీ ఇస్తారు, పెన్ను ఇస్తారు,
మైకులో దేవతలంటారు.
దేవతలకి నైట్ డ్యూటీలుండవు,
మడమల్లో పోట్లుండవు.
ఆఫ్ ఉన్న రోజు పిలిపించి
ఒకాయన నాలుగంకెలు లెక్కపెట్టి గాలి పీల్చమన్నాడు.
పీల్చాం. పాపం, మంచాయనే.
నాలుగో అంకె దగ్గర నాకు
వెంటిలేటర్ అలారం వినబడింది.

మా ఇన్‌చార్జి పూంగొడి అక్క.
మాట కరుకు. దూది లెక్క తప్పిందంటే
నాలుగు తరాలు తవ్వి తిడుతుంది.
పెంచలయ్య పోయిన రాత్రి, ఒకటిన్నరకి,
పద్నాలుగో బెడ్డుకి బీపీ రాసి,
మళ్ళీ అదే బీపీ రాసి,
మళ్ళీ రాయబోతుంటే
నా చేతిలో పెన్ను తీసుకుంది.
ఏం అడగలేదు. పెన్ను ఉన్నచోట తాళంచెవి పెట్టింది.

లినెన్ గది.
ఉతికొచ్చిన దుప్పట్ల మూటలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.
వాటి మీద కూలబడ్డాను.
డ్యూటీలో మూడు భాషలు మాట్లాడతాను,
ఏడుపు మాత్రం ఒక్క భాషలోనే వచ్చింది,
అదీ మా అమ్మమ్మ యాసలో, ముక్కు చీదుకుంటూ.
పది నిమిషాలు.
బయట నా రెండు బెడ్లూ అక్క చూసుకుంటోంది,
ఒక మోకాలు ఈడ్చుకుంటూ.

మర్నాడు రోస్టరు కింద తమిళంలో రాసిపెట్టింది.
నా కోసం తెలుగు చేసుకున్నాను:
పేషెంటు పోతే, చూసుకున్న పిల్లకి పది నిమిషాలు.
కారణం ఎవరూ అడగకూడదు.
సువార్త నాలుక రోజుకి ఒక్కసారే అప్పు.
రెండోసారి కావాలంటే
మీరూ తెలుగు నేర్చుకోండి.

సూపరింటెండెంట్ మేడమ్ చింపించింది.
అక్క మళ్ళీ రాసింది,
ఈసారి గోడ మీద, మార్కర్‌తో.

కొట్టాయం పిల్ల జిన్సీ నేర్చుకుంటోంది.
"బయపడకండి" అంటుంది, ఒత్తు పలకదు.
దిద్దుదామనుకుని ఆగాను.
ఒత్తు లేకపోతే
భయం కాస్త చిన్నదైనట్టుంది.

గురువారం తెల్లారగట్ల
తొమ్మిదో బెడ్డు పాప.
వారం నుంచీ అక్కే జడ వేస్తోంది.
అంతా అయ్యాక అక్క ఇండెంటు పుస్తకం తెరిచి
దూది లెక్క మొదలుపెట్టింది,
మొదటి లైను దగ్గరే ఉండిపోయింది.

తాళంచెవి ఎప్పుడూ ఆమె జేబులోనే.
ఆమెకెవరిస్తారు?
దగ్గరికెళ్ళి ఆ జేబులో చెయ్యి పెట్టాను.
తిట్టలేదు.
తలుపు తీశాను, లోపలికి పంపాను, దగ్గరికి వేశాను.

పది నిమిషాలయింది.
ఇరవై అయింది.
ఎవరం తలుపు తట్టలేదు.
నేను ఆమె బెడ్లకి బీపీలు రాశాను, ఒక్కోటి ఒక్కసారే.
జిన్సీ దూది లెక్క చూసింది.
రెండు కట్టలు తక్కువొచ్చాయి.
సరిపోయిందని రాసేశాం.